పదో తరగతి పేరెంట్స్‌కి: ఇంటర్లో హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) అంటే ఎందుకండీ అంత భయం?

అందరికీ నమస్కారం. ఈ నెల లెటర్ అన్ని క్లాసులకీ పంపుతున్నా గానీ అసలు రాస్తున్నది పదో తరగతి పిల్లల ఇళ్ళకి. ప్రీఫైనల్స్ అయిపోయాయి, మార్కులు మీ చేతికొచ్చేశాయి, ఇప్పుడిక విజయనగరంలో ఎవరు ఎదురుపడినా ఎంపీసీనా బైపీసీనా అనే అడుగుతారు, ఇంకో పేరు ఎవరి నోటా రాదు. మొన్న మీటింగ్‌లో ఒకాయన అందరూ వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి, "మాస్టారూ, మా గుంట హెచ్ఈసీ సదువుతానంటంది, అది సదివితే ఏటొస్తాది?" అని అడిగారు. ఇంట్లో ఏదో జరగరానిది జరిగినట్టు అడిగారాయన. పైకి అడిగింది ఒక్కరే, డౌటు మాత్రం చాలామందికి ఉంది, అందుకే అందరికీ కలిపి చెప్తున్నా.

ముందు చేదు మాట చెప్పేస్తాను. ఒట్టి బీఏ సర్టిఫికెట్ పట్టుకుని బయటికొస్తే జీతం వెంటనే రాదు. దాని తర్వాత బీఈడీనో, లానో, పీజీనో, పోటీ పరీక్షో ఏదో ఒకటి ఉండాలి, అదేంటో డిగ్రీలో చేరేటప్పుడే అనుకున్నవాళ్ళు బాగానే సెటిల్ అవుతున్నారు, "ముందు బీఏ అవనీ, తర్వాత చూద్దాం" అన్నవాళ్ళే ఖాళీగా తిరుగుతున్నారు. తప్పు గ్రూపుది కాదండీ, ఆ తర్వాత చూద్దాం అనే మాటది.

టీచర్ ఉద్యోగం సంగతి మీకు తెలిసిందే. బీఏ, బీఈడీ, టెట్, ఆ తర్వాత డీఎస్సీ. 2025లో వచ్చిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు, అందులో సోషల్ వాళ్ళకీ తెలుగు వాళ్ళకీ చోటుంది, కానీ డీఎస్సీ ప్రతి ఏడాదీ పడుతుందన్న గ్యారంటీ లేదు, అది గుర్తుపెట్టుకోండి. ఇంటర్ అవగానే నాలుగేళ్ళలో బీఏ బీఈడీ రెండూ కలిపి అయిపోయే కోర్సు కూడా ఉంది, మైసూరులో రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో చెప్తారు, దానికి ఎన్‌సీఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మనవైపు పిల్లలకి దీని గురించి చెప్పేవాళ్ళే లేరు.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది లా మీద. మన క్లాసులో ఒకమ్మాయి ఉంది, పేరు చెప్పను, వాళ్ళ వీధిలో ఎవరికి భూమి గొడవొచ్చినా 1బీ, అడంగల్ కాగితాలు ఆ పిల్ల దగ్గరికే తెస్తారు. సర్వే నంబరు ఒక కాగితంలో ఒకలా ఇంకో కాగితంలో ఇంకోలా ఉంటే పట్టేసుకుంటుంది. సోమవారం కలెక్టరేట్లో గ్రీవెన్స్‌కి వెళ్ళేవాళ్ళకి అర్జీ రాసిపెడుతుంది, ఒకటి నాకు చూపించింది, పావు పేజీలో ఎవరు, ఏ ఊరు, ఏం జరిగింది, ఏం కావాలి అన్నీ వచ్చేశాయి, ఒక్క మాట ఎక్కువ లేదు. లెక్కల్లో మాత్రం ముప్పై ఐదు దాటడానికి కిందా మీదా పడుతోంది. ఈ పిల్లని రెండేళ్ళు ఎంపీసీ హాస్టల్లో పడేస్తే ఏం సాధిస్తామో మీరే చెప్పండి. లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాయడానికి ఇంటర్లో ఏ గ్రూపైనా పర్లేదు, 120 ప్రశ్నలు, రెండు గంటలు, ఎక్కువగా పేరాగ్రాఫ్ ఇచ్చి చదివి అర్థం చేసుకున్నావా లేదా అనే చూస్తారు, లెక్కలు కొంచెమే. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే గనక ఇంగ్లీషు చదవడం ఇప్పట్నుంచే అలవాటవ్వాలి. దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఎక్కడో లేదు, సబ్బవరంలో ఉంది. క్లాట్ రాకపోతే మన రాష్ట్రం పెట్టే లా ప్రవేశ పరీక్ష లాసెట్ ఉంది, ఇంటర్ తర్వాత ఐదేళ్ళది, డిగ్రీ తర్వాత మూడేళ్ళది.

గ్రూప్స్, బ్యాంకు పీఓ, పంచాయతీ సెక్రటరీ, వీటన్నిటికీ ఏ డిగ్రీ అయినా చాలు. కానీ గ్రూప్ 2 సిలబస్ ఒకసారి తీసి చూడండి, చరిత్ర, రాజ్యాంగం, ఎకానమీ, అంటే బీటెక్ పిల్లలు ఉద్యోగం మానేసి హైదరాబాద్ అశోక్‌నగర్ రూముల్లో కూర్చుని కొత్తగా మొదలెట్టేది మన హెచ్ఈసీ పిల్లలు అప్పటికే ఐదేళ్ళు చదివి ఉంటారు. 2023 సివిల్స్‌లో మూడో ర్యాంకు తెచ్చుకున్న మహబూబ్‌నగర్ అమ్మాయి అనన్యారెడ్డి డిగ్రీలో చదివింది జాగ్రఫీ. అందరికీ ర్యాంకులొస్తాయని నేను అనట్లేదు, ఆ కోచింగ్ వాళ్ళ ఫ్లెక్సీలు చూసి అప్పులు చేయకండి కూడా.

మన ఊరి సంగతే చూడండి. గురజాడ అప్పారావు గారు చదివింది ఇక్కడి మహారాజా కాలేజీలో బీఏ. ఆ బీఏతోనే అదే కాలేజీలో పాఠాలు చెప్పారు, సంస్థానంలో శాసనాలు పరిశోధించారు, తర్వాత రీవా రాణి గారికి సెక్రటరీగా చేశారు. శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాశారు, సీతంపేట వైపు సవర పిల్లలు చదివే బడుల్లో ఆ భాష వచ్చిన టీచర్ అవసరం ఇవాళ్టికీ ఉంది. శాలిహుండం, రామతీర్థం బౌద్ధ స్తూపాలు చూడ్డానికి వచ్చినవాళ్ళకి సరిగ్గా చెప్పగలిగిన గైడు దొరకడం కూడా కష్టమే. జర్నలిజం, సోషల్ వర్క్, సైకాలజీ, లైబ్రరీ సైన్స్ కూడా ఉన్నాయి, ఆసక్తి ఉన్నవాళ్ళు విడిగా కలిస్తే చెప్తాను.

రెండు జాగ్రత్తలు. హెచ్ఈసీలో చేరితే ఇంజనీరింగ్, ఎంబీబీఎస్ దారులు మూసుకుపోతాయి, ఎంపీసీ చదివినవాడు తర్వాత బీఏకో లాకో రావచ్చు గానీ ఇటు నుంచి అటు వెళ్ళలేరు, కాబట్టి పిల్లాడికి ఇంకా తేలకపోతే తొందరపెట్టకండి. ఎకనామిక్స్ బాగా ఇష్టమైతే ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) చూడండి, ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ కావాలంటే మ్యాథ్స్ ఉండి తీరాలి. ఇంకోటి, ప్రైవేటు కాలేజీలు చాలావాటిలో హెచ్ఈసీ సెక్షనే ఉండదు, అందుకే వాళ్ళ పీఆర్ఓలు మీ ఇంటికొచ్చినా దాని ఊసెత్తరు. గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో కనుక్కోండి.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి స్కూల్లోనే ఉంటాను, గ్రూపు గురించి మాట్లాడాలనుకున్నవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని రండి, తొమ్మిదో తరగతి మార్కుల కార్డు కూడా తెండి. ఫీజు బకాయిలు ఆరోజు అడగను, భయపడకుండా రండి.

ఇట్లు
మీ హెడ్‌మాస్టర్