మా మిషన్లు ఆగలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో మాకు చిన్న టైలరింగు కొట్టు ఉంది. నాలుగు మిషన్లు, గోడకు ఒక టీవీ. పెళ్లిళ్ల సీజనులో రాత్రి పదిన్నర దాకా పని ఉంటుంది కాబట్టి కామెడీ ప్రోగ్రాములన్నీ కొట్లోనే చూస్తాం. చూస్తాం అంటున్నాను గానీ, నిజానికి వింటాం. చేతులు బట్ట మీద, కళ్లు సూది మీద. ఎవరైనా స్కిట్టు బాగా చేస్తే మాత్రం మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోతాయి, తలలు పైకి లేస్తాయి. బాగోకపోతే గడగడమని నడుస్తూనే ఉంటాయి. ఎన్నో ఏళ్లుగా మాకు ఇదే కొలత.

పోయిన వారం ఒక ఛానల్లో గంటన్నర ప్రోగ్రాములో ఆరు స్కిట్లు వచ్చాయి. మిషన్లు ఆగింది ఒక్కదానికే.

రేషను దుకాణంలో ఒక ముసలమ్మకు వేలిముద్ర పడదు. తుడుచుకుని పెట్టమంటాడు డీలరు. కొంగుకు తుడుస్తుంది, తలకు రాసుకుంటుంది, పడదు. చూపుడు వేలు, ఉంగరం వేలు, ఎడమ చెయ్యి... పదీ అయిపోతాయి. వెనక లైను గోల పెడుతుంటే ఆవిడ తాపీగా చెప్పు విప్పి, "కాలివేళ్లు కూడా ఉన్నాయి బాబూ, పెట్టమంటావేటి?" అంటుంది. మా కొట్లో కాజాలు కుట్టే కుర్రాడు నవ్వుతూ సూది వేలికి గుచ్చుకున్నాడు. హెమ్మింగు చేసే అప్ప అయితే "మా అత్తకి అచ్చం ఇలాగే అయింది, బియ్యం ఇవ్వకుండా పంపేశారు" అని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ ముసలమ్మ వేషం వేసింది మగవాడే. మాట్లాడింది మా యాసే. ఆ రెండు సంగతులూ స్కిట్టు అయిపోయాక గానీ మాకు తట్టలేదు.

దాని వెంటనే వచ్చినదాంట్లోనూ మా యాసే. పళ్లకు నల్లరంగు, పైకి ఎగ్గట్టిన లుంగీ, చంకలో మూట. "నాను సికాకులం నుంచి వచ్చినాను ఏటి" అన్నాడు, జడ్జీలు పడీపడీ నవ్వారు. అందులో జోకు సంగతి అటుంచండి, అసలు ఆ "ఏటి" అక్కడికి ఎందుకొచ్చింది? మేం "ఏటి" అనేది ఏదైనా అడగడానికి, లేకపోతే ఆశ్చర్యపోయినప్పుడు. వాక్యానికి ఒకటి చొప్పున చివర ముడి వెయ్యం. రాసినవాడి దగ్గర సరుకు అయిపోయింది, చిరుగు కనపడకుండా మా యాసతో అతుకు వేశాడు. హైదరాబాద్‌లో అపార్టుమెంట్లు కట్టే కూలీల్లో మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లు ఎంతమంది ఉన్నారో ఆ రాసినవాడికి తెలియకుండా ఉండదు.

మిగతా నాలుగూ చెప్పుకోవాల్సినవి కావు. ఒకదాంట్లో పెళ్లాం లావు, ఒకదాంట్లో మామగారి నలుపు, ఒకదాంట్లో పొట్టివాడు. ఇంకొకటి ఏదో సినిమా సీనుకు కాపీ.

ఆరూ పండాలని నేను అనడం లేదండీ. మేం కుట్టిన జాకెట్లూ అన్నీ ఒకేలా కుదరవు. అయితే కుదరని జాకెట్టును కస్టమరు తెచ్చి మా మొహాన పడేస్తుంది. చంక దగ్గర బిగిసింది, ఆది జాకెట్టు ఇచ్చాను కదా అని నిలదీస్తుంది. అక్కడ అలా తెచ్చి పడేసేవాళ్లు లేరు. ముసలమ్మ స్కిట్టుకూ, లుంగీ స్కిట్టుకూ అవే చప్పట్లు, అదే నవ్వు. జడ్జీలు రెండింటికీ పదికి పది వేశారు. మరి వచ్చే వారం వేటిలాంటిది రాయాలో ఆ రచయితకు ఎలా తెలుస్తుంది?

రేటింగులు ఉన్నాయి కదా అంటారు. ఎంపిక చేసిన కొన్ని ఇళ్లలో పెట్టిన మీటర్లతో తీసే లెక్క అది. ఆ ఇంట్లో ఏ ఛానల్ నడుస్తోందో చెబుతుంది గానీ, ఎవరైనా నవ్వారో లేదో చెప్పదు. మా టీవీ ఆ గంటన్నరా నడిచింది. మీటరు మా గోడకు ఉండి ఉంటే ఆరు స్కిట్లూ పాసే.

2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలయ్యాక ఈ టీములూ జడ్జీల పద్ధతి మిగతా ఛానళ్లకూ పాకింది. స్టేజీ ఎక్కే దారి లేని ఎంతోమంది కుర్రాళ్లకు అది అన్నం పెట్టింది, కాదనను. అంతకుముందు జెమినీలో ఆదివారం రాత్రి అమృతం వచ్చేది. అరగంటకు ఒకే కథ. ఇప్పుడు గంటన్నరకు ఆరు కథలు కావాలి, అదీ ప్రతి వారం.

యాసతో నవ్వించడం మా ఊరికి కొత్తేమీ కాదు. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఇక్కడే, 1892లో. అందులో ఎవరి మాట వాళ్లదే, మనిషిని బట్టే నవ్వు వస్తుంది. 1897లో అచ్చయ్యాక కూడా గురజాడ వారు దాన్ని అంతటితో వదల్లేదు. కుట్లన్నీ విప్పి, పెంచి, మళ్లీ కుట్టి 1909లో రెండో కూర్పు తెచ్చారు. వారం వారం స్కిట్టు రాసేవాళ్లను 12 ఏళ్లు ఆగమని ఎవరంటారు? ఆరింట్లో మూడు మానేసి, మిగిలిన మూడింటికి ఇంకొక్క రోజు ఇస్తే చాలు.

మా కాజాల కుర్రాడు ఇదంతా ఒప్పుకోడు. "ఫ్రీగా వస్తోంది కదక్కా, నచ్చకపోతే మార్చేద్దాం" అంటాడు. దానికి అప్ప, "ఫ్రీ ఏటిరా, నెలనెలా కేబులోడికి డబ్బులు ఎవులిస్తన్నారు?" అని అడిగింది. వాడు జవాబు చెప్పలేదు, రిమోటు కోసం వెతికాడు.

మా దగ్గర కోట్లు కుట్టించుకునే లాయరు గారు ఒక మాట చెప్పారు. 1994 నాటి కేబుల్ టీవీ రూల్సులోనే, ఏదైనా ప్రాంతం వాళ్లనీ, భాష వాళ్లనీ కించపరిచే, చిన్నచూపు చూసే మాటలు ప్రోగ్రాముల్లో ఉండకూడదని ఉందట. 2021లో వచ్చిన మార్పుల ప్రకారం ఫిర్యాదు చేస్తే ఛానల్ వాళ్లు 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. రాసిపెడతానన్నారు, వద్దన్నాను. ప్రోగ్రాము ఆపించాలని నాకు లేదు. అదే ఆగితే మా ముసలమ్మ కూడా పోతుంది.

నేను అడిగేది మిమ్మల్నే. కొత్త సినిమా వస్తే మీరు రివ్యూ రాసి రేటింగు ఇస్తారు. టీవీకి వచ్చేసరికి ఏ ప్రోగ్రాము ఎన్ని గంటలకో మాత్రమే వేస్తారు. వారానికి ఒక చిన్న కాలమ్ చూసేవాళ్లకు ఇవ్వండి. ఏ స్కిట్టు పండింది, ఏది ఎందుకు పండలేదు, నాలుగు ముక్కల్లో రాస్తాం. మొదటి వారానికి మా హెమ్మింగు అప్ప రెడీగా ఉంది. ఆవిడకు రాయడం రాదు, చెబుతుంది, నేను రాస్తాను. అక్షరదోషాలు మాత్రం మీరు చూసుకోవాలి.

ఇట్లు,
ఒక టైలరు,
విజయనగరం