స్వాతికి, పసుపు రంగు డబ్బాతో పాటు

పెరంబూరు, చెన్నై
ఆదివారం రాత్రి

చి. స్వాతికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అమ్మ మోకాలు మామూలే, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది. నిన్నటి వానకు మన సందు చివర మళ్ళీ నీళ్ళు నిలిచాయి. మీ బాబాయి గృహప్రవేశం మాఘంలో పెట్టుకుంటున్నాడు, నువ్వు ఇప్పుడే సెలవు చెప్పి ఉంచుకుంటే మంచిది. కుట్టి కాలికి కట్టు విప్పారు.

వంశీ మీ ఇంటికి వచ్చి వెళ్ళాడట కదా. ఆవకాయ ఇచ్చాడా? తడి చెయ్యి పెట్టకు. వాడు సీతత్తతో ఏదో అన్నాడట, సీతత్త మీ అమ్మతో అంది, అమ్మ మూడు రోజులు కడుపులో దాచుకుని సోమవారం నాతో చెప్పింది. మీ ఇంట్లో అడుగు పెట్టగానే గ్యాస్ వాసన వచ్చిందని, నీతో అంటే "నాకేం రావట్లేదే" అన్నావని, కిటికీ తీసి మాట మార్చావని. సీతత్త ఏ సంగతైనా చిలువలు పలువలు చేస్తుందని నాకూ తెలుసు. పైగా వాళ్ళది మామిడికుదురు వైపు. 2014 జూన్‌లో అక్కడ నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైప్‌లైన్ పేలినప్పటి నుంచి గ్యాస్ అనే మాట వింటేనే ఆవిడకు వణుకు. అందుకని నేనేమీ కంగారు పడలేదు. నీకు ఫోన్ చేశాను. మూడు సార్లు. "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, తర్వాత చేస్తా" అన్నావు, సరే, పని అలాంటిది. అది మంగళవారం. ఇవాళ ఆదివారం.

"నాకేం రావట్లేదే" అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. 2021 మే నెలలో, కరోనా వచ్చినప్పుడు, నీ గదిలో ఇంగువ డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని ఏడ్చావు, గుర్తుందా? తలుపు బయట నిలబడి అమ్మ ఒకటే అడుగుతోంది, "వస్తోందా, వస్తోందా" అని. తర్వాత కాఫీ వాసన తెలుస్తోందన్నావు, మల్లెపూలు కొంచెం అన్నావు. ఇంగువ సంగతి మళ్ళీ మాకు చెప్పలేదు. నేనూ అడగలేదు, అడిగి ఉండాల్సింది.

ఎందుకంటే అమ్మా, గ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు. మనం పసిగట్టాలని అందులో ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే కుళ్ళు వాసన మందు కలుపుతారు. 1937లో అమెరికాలోని టెక్సాస్‌లో న్యూ లండన్ అనే ఊళ్ళో బడి కింద వాసన లేని గ్యాస్ చేరి పేలింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువగా పిల్లలే. ఆ తర్వాతే అక్కడ వాసన కలపాలని చట్టం తెచ్చారు. ఇన్నేళ్ళుగా వంటిళ్ళన్నీ మనిషి ముక్కును నమ్ముకునే నడుస్తున్నాయి. ముక్కు బాగున్నవాళ్ళకైనా ఆ వాసనలో కాసేపు ఉంటే అలవాటైపోయి తెలియడం మానేస్తుంది. నీ ముక్కును ఎంతవరకు నమ్మాలో నీకే తెలియదు.

అందుకే రమణతో నా పసుపు రంగు డబ్బా, అదే గ్యాస్ లీకు పసిగట్టే యంత్రం, పంపిస్తున్నాను. వాడు శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వస్తున్నాడు. నాకెందుకు, నువ్వే ఉంచుకో అనకు. పోయిన నెలలోనే గిండీ తీసుకెళ్ళి సరిచూపించాను, సెన్సర్ నిరుడే మార్చారు. నేను రిటైరై ఇంట్లో ఉన్నాను, మీ అమ్మ ముక్కు పక్కింటి పోపు కూడా పట్టేస్తుంది. ఇది ఉండాల్సింది నీ దగ్గరే.

ఈ డబ్బా గ్యాస్ ఎక్కడ ఉందో చెబుతుంది. ఎక్కడి నుంచి వస్తోందో మనం వెతుక్కోవాలి. ఈ తేడా నాకు 1998లో అంబత్తూరు క్యాంటీన్‌లో తెలిసింది. అప్పుడు నీకు రెండేళ్ళు. రాత్రి ఇంటికొచ్చేసరికి పదకొండయింది, నువ్వు నిద్రపోకుండా గుమ్మంలో కూర్చుని ఉన్నావు.

మా క్యాంటీన్‌లో బయట షెడ్డులో 19 కిలోల సిలిండర్లు వరసగా పెట్టి, గోడలోంచి ఇనప పైపు లోపలికి తెచ్చారు. వారం రోజులుగా పొద్దున తలుపు తీస్తే వాసన. మెకానిక్ వచ్చి రెగ్యులేటర్లు మార్చాడు, వాల్వుల్లో వాషర్లు మార్చాడు, జాయింట్లన్నింటికీ సబ్బు నురగ రాశాడు. ఒక్క బుడగ కూడా రాలేదు. వాసన మాత్రం పోలేదు. గ్యాస్ పసిగట్టే మీటరు పట్టుకుని చూడమని నన్ను పంపారు. నేను లోపలికి వెళ్ళి వంటగది మధ్యలో నిలబడి మీటరు ఆన్ చేశాను. సున్నా చూపించింది. అంతా తిరిగాను, సున్నాయే. ఏమీ లేదని రాసి సంతకం పెట్టబోయాను.

వంటాయన ఒప్పుకోలేదు. "అయ్యా, నాకు తల తిరుగుతోంది, మీ మిషన్‌కి తిరగట్లేదా" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. ఆ మీటరు ఆన్ అయ్యేటప్పుడు తన చుట్టూ ఉన్న గాలినే సున్నా అనుకుంటుంది. నేను గ్యాస్ ఉన్న గదిలోనే దాన్ని నిద్రలేపాను, ఆ గ్యాసే దానికి మంచి గాలి అయిపోయింది. ఆ సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ కొన్ని రాత్రులు గుర్తొస్తుంది. గేటు దగ్గర వేపచెట్టు కిందికి వెళ్ళి, ఆపి, మళ్ళీ ఆన్ చేసి, ఐదు నిమిషాలు ఆగి లోపలికి వచ్చాను.

ఈసారి గిన్నెలు తోమే చోట, తూము జాలీ దగ్గర 8 చూపించింది. ఆ 8 అంటే గాలిలో వందకు ఎనిమిది పాళ్ళు గ్యాస్ అని కాదు. సిలిండర్ గ్యాస్ గాలిలో వందకు సుమారు 2 పాళ్ళు చేరితే నిప్పు అంటుకుంటుంది. ఆ 2 పాళ్ళను మీటరు 100 అని పిలుస్తుంది, అందులో 8 అన్నమాట. అందరూ కాలువ గ్యాస్ అన్నారు. తూము కడిగించారు, రెండు బకెట్లు ఫినాయిల్ పోశారు. మర్నాడు పొద్దున మళ్ళీ 8.

అప్పుడు సూపర్‌వైజరు ఎగ్జాస్ట్ ఫ్యాన్ సంగతి ఎత్తాడు. ఫ్యాన్ తిరుగుతుంటే గాలి గ్యాస్‌ను ఎటు లాగితే అటే మీటరు పరుగెడుతుంది. బయట మెయిన్ దగ్గర కరెంటు తీయించి, గంటసేపు గది కదలకుండా ఉంచాం. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, మీటరు గొట్టం నేలకు ఆనించినట్టు పట్టుకుని, తూము దగ్గర నుంచి వెనక్కి పాకాను. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, నీళ్ళలా పల్లానికి పోతుంది. అందుకే పల్లం నుంచి మెరకకు వెతకాలి. 8 తర్వాత 11. బియ్యం బస్తాల వెనక 15. తొందరపడి ముందుకు జరిపితే అంకె తగ్గేది, ఎందుకంటే గొట్టంలోంచి గాలి సెన్సర్ దాకా చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మళ్ళీ వెనక్కి వచ్చేవాణ్ణి. పైపు గోడలోంచి వచ్చే చోట కింద 34 అయి అలారం మోగింది.

గోడలోని ఆ కన్నంలో పైపు చుట్టూ సిమెంటు కూరారు. సిమెంటు పగలగొడితే లోపల పైపు తుప్పుపట్టి సూది మొనంత రంధ్రం. సబ్బు నురగ పెట్టింది బయటి జాయింట్లకు, కారుతున్నది గోడ లోపల. గ్యాస్ గోడ వెంట దిగి, బస్తాల వెనక నేల వాలు పట్టుకుని తూము దగ్గర నిలిచింది. వారం రోజులు అందరం అది నిలిచిన చోటే చూశాం.

చెప్పడం మొదలుపెడితే పొడుగైపోయింది. మీ ఇంటి సంగతికి వస్తాను. అసలు నువ్వు ఇప్పుడు సిలిండరా, పైపు గ్యాసా? అదీ నాకు తెలియదు. ఇల్లు మారి ఏడాదైంది, నేను ఒక్కసారీ రాలేదు. పైపు గ్యాస్ అయితే అది మీథేన్, గాలి కంటే తేలిక, పైకి పోతుంది. అప్పుడు డబ్బా గొట్టం పై నుంచి, సీలింగ్ మూలల్లో, అటక కింద పట్టాలి. సిలిండర్ అయితే నేల మీద, అలమర లోపల అడుగున. ఇంకా 2019లో మారతహళ్ళి ఇంట్లో నేనే బిగించిన ఆరెంజ్ ట్యూబే వాడుతున్నావా? దాని ఆయుష్షు ఐదేళ్ళే. దాని మీదే తేదీ ఉంటుంది, చూడు. అదే అయితే ఇంక ఏమీ వెతకక్కర్లేదు, ముందు మార్పించెయ్యి. డబ్బులు నేను పంపిస్తాను.

బాత్రూములో గ్యాస్ గీజర్ ఉంటే ఆ సంగతి వేరే. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మన పసుపు డబ్బా దాన్ని పట్టదు. గీజర్ బాత్రూము లోపల ఉంటే వాడకు. వేడినీళ్ళు స్టవ్ మీద పెట్టుకో, స్నానానికి రెండు గిన్నెలు చాలు.

డబ్బా వాడేది ఇలా. తెల్లవారి వెలుతురు వచ్చాక, లైటు వేసే అవసరం లేనప్పుడు చూడు. బాల్కనీలో ఆన్ చేసి రెండు నిమిషాలు వేడెక్కనివ్వు. టిక్, టిక్ అని నిదానంగా కొట్టుకుంటుంది. దాన్ని పట్టుకుని వంటింట్లోకి వెళ్ళు. గుమ్మంలోనే దడదడ కొట్టుకుంటే లోపల అడుగు పెట్టకు, స్విచ్ వేయకు, తీయకు కూడా. ఇంటి తలుపు తెరిచి మెట్ల మీదుగా కిందికి దిగి, సిలిండర్ అయితే గ్యాస్ లీకు ఎమర్జెన్సీ నంబరు 1906కి, పైపు గ్యాస్ అయితే ఆ కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చెయ్యి. నాకు తర్వాత చేయొచ్చు. నిదానంగానే ఉంటే రెగ్యులేటరు అడుగు, ట్యూబ్ పొడవునా, స్టవ్ నాబ్‌ల కింద, గొట్టం తగిలీ తగలనట్టు నెమ్మదిగా జరుపు. ఎక్కువ కొట్టుకున్న చోట సెన్సిటివిటీ తగ్గించి మళ్ళీ చూడు, దగ్గరికి వెళ్ళేకొద్దీ తేలుతుంది. చివర సబ్బు నురగతో రూఢి చేసుకో. అగ్గిపుల్ల మాట ఎవరైనా చెబితే వాళ్ళను ఇంట్లోకి రానీకు.

ముందు శానిటైజర్ రాసుకోకు, సెంటు కొట్టుకోకు, దానికీ మోగుతుంది. మీ అమ్మ పులిసిన దోసెల పిండి మూత తీసినప్పుడు కూడా ఒకసారి మోగి మమ్మల్ని హడలుకొట్టింది. పని చేస్తోందో లేదో అని లైటర్ గ్యాస్ మాత్రం కొట్టి చూడకు, అంత ఘాటుకు సెన్సర్ దెబ్బతింటుంది.

నీకు వాసన తెలియడం లేదన్న సంగతి మాకు చెప్పి ఉండొచ్చు కదా తల్లీ. ఆఫీసులో ఎవరికైనా చెప్పావా? పాలు విరిగినా తెలియదు, అన్నం మాడినా తెలియదు. ఏం తింటున్నావో ఏమో అని మీ అమ్మ ఇప్పుడు కొత్త బెంగ పెట్టుకుంది. ఈఎన్‌టీ డాక్టరుకు మళ్ళీ చూపించుకో. ఒక్కదానివే వెళ్ళలేకపోతే నేను వస్తాను, నాకు ఇక్కడ పనేముంది.

సంచిలో డబ్బాతో పాటు కందిపొడి, మురుకులు, అమ్మ కుట్టిన దిండు గలీబులు ఉన్నాయి. సెల్స్ డబ్బాలో వేయలేదు, ఉంచేస్తే కారతాయని విడిగా కవర్లో పెట్టాను. ప్లస్, మైనస్ చూసి వేసుకో. రమణకు భోజనం పెట్టి పంపు, వాడు మొహమాటపడతాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి నేను ఫోను దగ్గరే ఉంటాను. వంటింట్లోకి వెళ్ళకముందే, బాల్కనీలో డబ్బా ఆన్ చేసి నాకు ఫోన్ చేసి ఆ టిక్ టిక్ వినిపించు. దాని మామూలు చప్పుడు నాకు తెలుసు, సరిగ్గా ఉందో లేదో విని చెబుతాను.

ఆశీస్సులతో,
నాన్న