పారామెడిక్ పిల్లలకి "ఎందుకు" అనేది కూడా నేర్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అంబులెన్స్ గురించి పేపర్‌కి రాసేవాళ్లంతా అది ఎంతసేపటికి వచ్చిందనే రాస్తారు, వచ్చిన బండిలో పేషెంట్ పక్కన కూర్చునే పారామెడిక్ పిల్లాడికో పిల్లకో ఏం నేర్పి పంపుతున్నామో మాత్రం ఎవరూ అడగరు. నేను చాలా ఏళ్లు ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా చేసి ఇప్పుడు సిటీలోనే ఒక పారామెడికల్ కాలేజీలో క్లాసులు చెప్తున్నాను, అందుకే ఈ ఉత్తరం.

మా పిల్లలు పని బాగా నేర్చుకుంటారు. సీపీఆర్‌లో ఛాతీ మీద నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 సార్లు అని నిద్రలో లేపినా చెప్తారు, విరిగిన ఎముక కదలకుండా స్ప్లింట్ కట్టడం, గొంతులో అడ్డుపడినవి లాగేసే సక్షన్ పెట్టడం, గ్లూకోమీటర్ చూడడం అన్నీ వచ్చు. కానీ "ఈ పేషెంట్ చేతులు ఎందుకు చల్లబడ్డాయి" అంటే మాత్రం క్లాసంతా గప్‌చుప్. తప్పు వాళ్లది కాదు, పరీక్షలో అడిగేది షాక్ అంటే ఏమిటి, రకాలు రాయండి అని, వాళ్లూ అదే బట్టీపడతారు. జబ్బు వచ్చినప్పుడు ఒంట్లో లోపల ఏం మారుతుంది, ఒళ్లు దాన్ని ఎలా సర్దుకుంటుంది అని చెప్పే పాథోఫిజియాలజీని డాక్టర్ల సబ్జెక్ట్ అన్నట్టు పక్కన పెట్టేస్తున్నాం.

షాక్‌నే తీసుకోండి, అంటే కరెంటు షాక్ కాదు, ఒంట్లో అవయవాలకి చాలినంత రక్తం అందకపోవడం. నేను క్లాసులో అపార్ట్‌మెంట్ నీళ్ల సంగతి చెప్తాను, పై ఫ్లోర్‌కి నీళ్లు రావట్లేదంటే మోటార్ పాడై ఉండాలి, లేదా సంపులో నీళ్లు అయిపోయి ఉండాలి, లేదా ఎక్కడో అడ్డుపడి ఉండాలి, లేదా ఉన్న నీళ్లు చాలనంత పైపులు వెడల్పు అయిపోయి ఉండాలి. గుండెపోటు, రక్తం పోవడం, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడడం, ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకడం, వీటన్నిట్లోనూ పేషెంట్ చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉండొచ్చు గానీ చేయాల్సింది ఒకటే కాదు.

ఇంకా ముఖ్యమైంది, బీపీ అబద్ధం చెప్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద బైక్ యాక్సిడెంట్ అయి తొడ ఎముక విరిగిన కుర్రాడికి బయట చుక్క రక్తం కనపడకపోయినా లోపల లీటరు పైనే పోయి ఉండొచ్చు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్లు. అయినా పై బీపీ అంత తొందరగా పడదు, ఎందుకంటే గుండె వేగం పెంచుతుంది, చర్మానికీ పేగులకీ వెళ్లే రక్తనాళాలు ముడుచుకుని ఉన్న రక్తాన్ని మెదడుకీ గుండెకీ మళ్లిస్తాయి, చేతులు చల్లబడి చెమట పట్టేది దీనివల్లే. సాధారణంగా 30 శాతం దాకా పోయాక గానీ పై నంబర్ దిగదు, దానికన్నా ముందే కింద నంబర్ పైకి జరిగి రెండిటి మధ్య తేడా తగ్గుతుంది. 110/90, పల్స్ 125 ఉన్న కుర్రాడిని చూసి "బీపీ నార్మలే అన్నా, భయం లేదు" అని పైలట్‌కి, అంటే అంబులెన్స్ డ్రైవర్‌కి, చెప్పే స్టూడెంట్‌కి ఇదంతా తెలియాలా వద్దా? చిన్నపిల్లలైతే ఇంకా ఎక్కువసేపు తట్టుకుని ఒక్కసారిగా పడిపోతారు. గర్భిణులకి రక్తం 40 శాతం పైన పెరిగి ఉంటుంది కాబట్టి చాలా పోయేదాకా బయటికి కనపడదు, కాన్పు తర్వాత బ్లీడింగ్‌లో మనం ఆలస్యంగా మేలుకునేది ఇందుకే.

షుగర్ కేసులు ఇంకోటి. బస్టాప్‌లో చెమటలు కక్కుతూ ఏదేదో మాట్లాడుతుంటే జనం తాగాడనుకుంటారు, మా పిల్లలు షుగర్ చూసి గ్లూకోజ్ ఎక్కిస్తారు, ఆయన లేచి కూర్చుంటాడు, ఇంటివాళ్లు బాగానే ఉన్నాడు కదా ఇక హాస్పిటల్ వద్దంటారు. కానీ ఆయన వేసుకునేది గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర అయితే అది గంటల తరబడి ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది, షుగర్ మళ్లీ పడుతుంది, కిడ్నీ బాగాలేకపోతే ఇంకా ఎక్కువసేపు. ఈ కారణం తెలిసిన పిల్లే ఆ ఇంటివాళ్లని ఒప్పించగలదు, తెలియనివాళ్లు సంతకం పెట్టించుకుని వచ్చేస్తారు.

కరోనా తర్వాత ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటర్ కూడా అంతే. మూసిన షాపులో జనరేటర్ పొగ పీల్చినవాడికి 98 చూపించగలదు, ఎందుకంటే ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్, రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది, మెషీన్‌కి ఆ రెండిటికీ తేడా తెలియదు. 98 చూసి ఆక్సిజన్ తీసేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

"వాళ్లు డాక్టర్లు కాదు కదా, ఫోన్లో డాక్టర్ ఉంటారు" అనే మాట చాలాసార్లు విన్నాను. నిజమే ఉంటారు, కానీ ఆ డాక్టర్‌కి పేషెంట్ కనపడడు, మన పిల్లాడు ఏది ముఖ్యం అనుకుని చెప్తే అదే ఆయనకి తెలిసేది. ఛాతీలో నొప్పి రాగానే నాలుక కింద సార్బిట్రేట్ అనే గుండెనొప్పి మాత్ర పెట్టేసుకునే ఊరు మనది, గుండె కుడివైపు దెబ్బతిన్నవాళ్లకి ఆ మాత్రతో బీపీ ఒక్కసారి కూలిపోవచ్చు, ఆ మాత్ర వేసుకున్నాడన్న సంగతి డాక్టర్‌కి చెప్పాలని తోచాలన్నా లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి.

2005 ఆగస్టు 15న 108 మొదలైంది మన హైదరాబాద్‌లోనే. 2021లో కేంద్రం చేసిన చట్టంతో పారామెడిక్‌లకి కూడా ఒక వృత్తిగా గుర్తింపు వచ్చింది. మరి పరీక్ష పేపర్ కూడా ఆ స్థాయిలో ఉండాలి కదా, నిర్వచనాలు తగ్గించి ఒక పేషెంట్‌ని, నాలుగు నంబర్లని ఇచ్చి కారణం రాయమనండి, జవాబు తెలుగులో రాసినా మార్కులు ఇవ్వండి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ లాంటి చోట్ల క్యాజువాలిటీలో ఉండే డ్యూటీ డాక్టర్లకి నా విన్నపం ఒకటే, రద్దీ నాకు తెలుసు, అయినా స్ట్రెచర్ అప్పగించి వెళ్లిపోతున్న ఆ స్టూడెంట్‌ని రెండు నిమిషాలు ఆపి మీరు తెచ్చిన కేసులో లోపల జరిగింది ఇదీ అని చెప్పండి.

ఇట్లు,
ఒక పారామెడికల్ టీచర్,
సికింద్రాబాద్