చెకుముకి తుపాకి కొనే ముందు

మావా,

మొన్న ఫోన్లో "ఈసారి డిసెంబర్ 26న జింకల వేటకి నేనూ వస్తున్నా, ఏ తుపాకి కొనమంటావ్?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపే మీటింగ్ ఉందని పెట్టేశావు. రెండు రోజులుగా ఆ ప్రశ్నే మనసులో తిరుగుతోంది. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు కొట్టి పంపితే తేలే సంగతి కాదిది. పిల్లలు పడుకున్నారు, ఇల్లు సద్దుమణిగింది. కూర్చుని వివరంగా రాస్తున్నా. నువ్వూ తీరిగ్గా చదువు.

నువ్వు పిట్స్‌బర్గ్‌కి మారి ఏడాది కూడా కాలేదు కాబట్టి ముందు ఇక్కడి పద్ధతి చెప్తాను. పెన్సిల్వేనియాలో జింకల వేటకి చాలా సీజన్లున్నాయి. విల్లుకి వేరు, మామూలు రైఫిల్‌కి వేరు. క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరిలో ముగిసే సీజన్ మాత్రం చెకుముకి తుపాకులది. 1974లో మొదలైంది. మందు, గుండు మూతి నుంచే కూరాలి. రాయి ఉక్కుని గీరితే లేచే నిప్పుతోనే పేలాలి. 44 క్యాలిబర్‌కి, అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో నూటికి 44 వంతులకి, తగ్గకూడదు, టెలిస్కోప్ పెట్టకూడదు. అక్టోబర్‌లో ఇంకో మజిల్‌లోడర్ (మూతి నుంచి కూరే తుపాకి) వారం ఉంది, దానికి చెకుముకి రాయి లేని కొత్తరకం ఇన్‌లైన్ తుపాకులు కూడా పనికొస్తాయి. షాపుల్లో ఎక్కువగా కనిపించేవి అవే. "మజిల్‌లోడర్" అన్న పేరు చూసి అది కొనేసి డిసెంబర్‌లో అడవికి పోతే చట్టం తప్పినట్టే. పెట్టె మీద "ఫ్లింట్‌లాక్", అంటే చెకుముకి తుపాకి, అని ఉందో లేదో చూసుకో. గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి నీకు వీసా చిక్కు లేదు. అయినా మొదటిసారి కనుక హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి, మామూలు లైసెన్సుతో పాటు మజిల్‌లోడర్ లైసెన్సు విడిగా తీసుకోవాలి. అది ఈ వారమే మొదలుపెట్టు.

"మన ఊళ్లో నాటు తుపాకి లాంటిదే కదా" అన్నావు. మూతి నుంచి కూరడం వరకు అంతే. మందు కూడా అదే: సూరేకారం, బొగ్గు, గంధకం. మొదటిసారి పేల్చిన రోజు ఆ పొగ ముక్కుకి తగలగానే దీపావళి మర్నాడు పొద్దున్న మన వీధి వాసన వచ్చింది. ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయాను.

ఇక అసలు సంగతి. తుపాకి కొనడానికి పోయినప్పుడు అందరూ చెక్క చూస్తారు, ఇత్తడి చూస్తారు, గొట్టం పొడవు చూస్తారు. నువ్వు మాత్రం లాక్ చూడు, అంటే నిప్పు పుట్టించే భాగం. చెకుముకి తుపాకి ప్రాణమంతా దాని లాక్‌లోనే ఉంది.

లాక్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఏది మంచిదో నీకే తెలిసిపోతుంది. ట్రిగ్గర్ లాగితే ముందుకి కొట్టే హ్యామర్ దవడల మధ్య తోలు ముక్క చుట్టిన చెకుముకి రాయి బిగించి ఉంటుంది. దాని ఎదురుగా నిలువుగా ఒక ఉక్కు పలక, దాన్ని ఫ్రిజెన్ అంటారు. ఆ పలక కింద చిన్న పళ్లెం, అందులో చిటికెడు మెత్తటి మందు. ట్రిగ్గర్ లాగగానే రాయి వచ్చి ఉక్కుని పైనుంచి కిందికి గీరుతుంది. ఆ దెబ్బకి పలక మూతి వైపుకి తెరుచుకుంటుంది, నిప్పురవ్వలు పళ్లెంలో రాలతాయి, అక్కడ మందు భగ్గుమంటుంది. గొట్టం పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి ఆ వేడి లోపలికి పోయి అసలు మందుని అంటిస్తుంది. ఆ రవ్వలు రాయివి కావు మావా, ఉక్కువి. రాయి అంచు ఉక్కుని సన్నగా చెక్కుతుంది, ఆ పొట్టే మండుతూ రాలుతుంది. అందుకే ఫ్రిజెన్ ఉక్కు గట్టిగా, సరిగ్గా కాగి ఉండాలి. మెత్తగా ఉంటే రాయి దాన్ని గాట్లు పెట్టేస్తుంది, రవ్వలు మాత్రం రావు.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. మొదట కొన్నది సెకండ్‌హ్యాండ్ రైఫిల్. చక్కటి వాల్‌నట్ చెక్క, మెరిసే ఇత్తడి. కౌంటర్ వెనక మనిషి "చాలా బాగా పేలుతుంది సార్" అన్నాడు, నమ్మాను. ఇంటికి తెచ్చి చూస్తే ఐదుసార్లకి ఒకసారి అంటుకుంటే గొప్ప. రాళ్లు మార్చాను, మందు మార్చాను. నెల తర్వాత మేం గురి సాధన చేసే రేంజిలో ఒక పెద్దాయన ఫ్రిజెన్ మీద గోరు పెట్టి తడిమి, "ఇది చూడు, దున్నిన చేను లాగుంది" అన్నాడు. నిజంగానే దాని ముఖమంతా అడ్డగాట్లు. దాన్ని మళ్లీ కాల్చి గట్టి చేయించడానికి అయిన ఖర్చుకి ఇంకాస్త కలిపితే కొత్త లాకే వచ్చేది.

కాబట్టి ఏది చూసినా ఇలా చెయ్యి. ముందు గొట్టం ఖాళీనో కాదో తేల్చుకో. రామ్‌రాడ్, అంటే గుండు దించే కడ్డీ, లోపలికి వదిలి, మూతి దగ్గర వేలు పెట్టి పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించు. కడ్డీ కొస పళ్లెం పక్కనున్న రంధ్రం దాకా వస్తే ఖాళీ. రెండంగుళాలు తక్కువొస్తే లోపల ఏదో ఉంది, ఇక దాన్ని ముట్టుకోకు. ఖాళీ అని తేలాక, పళ్లెంలో మందు లేకుండా, షాపువాడిని అడిగి, దీపం తక్కువున్న మూలకి తీసుకెళ్లి లాగి చూడు. మంచి లాక్ అయితే తెల్లటి రవ్వలు గుంపుగా, కాకరపువ్వొత్తి రాలినట్టు, నేరుగా పళ్లెంలో పడి ఒక క్షణం చిటపటలాడతాయి. పేలవమైన లాక్ అయితే ఎర్రటివి రెండో మూడో ఎటో ఎగిరి ఆరిపోతాయి. ఎర్రటివి వస్తే ఎంత అందమైన తుపాకి అయినా అక్కడే పెట్టేసి వచ్చెయ్.

నీ విషయంలో ఇంకొకటుంది, ఇది నాకు కాస్త బెంగగా కూడా ఉంది. నీది ఎడమచేతి వాటం. మామూలు తుపాకులకి లాక్ కుడి పక్కన ఉంటుంది. కుడిచేతి వాడి ముఖం చెక్కకి ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి ఆ మంట అవతల లేస్తుంది. నువ్వు అదే తుపాకిని ఎడమ భుజానికి ఆనిస్తే పళ్లెం సరిగ్గా నీ కళ్ల ముందుకొస్తుంది. అలా పేల్చే ఎడమచేతి వాళ్లు చాలామందే ఉన్నారు, కళ్లజోడు పెట్టుకుని బాగానే కొడతారు. కానీ కొత్తలో ముఖం ముందు మంట లేస్తే ఎవరికైనా రెప్ప పడుతుంది, తల పక్కకి పోతుంది. ఒకసారి ఆ అలవాటు పట్టుకుందంటే వదలడం కష్టం. అందుకని ఎడమ పక్క లాక్ ఉన్నదే వెతుకు. తక్కువగా దొరుకుతాయి, ఆలస్యమవుతుంది, డబ్బు కూడా కొంచెం ఎక్కువ పెట్టాల్సి రావచ్చు. అయినా పర్వాలేదు. దొరక్కపోతే ఈ ఏడాదికి నాతో ఊరికే నడువు, వచ్చే ఏడాది కొందువుగాని.

క్యాలిబర్ గురించి ఎక్కువ ఆలోచించకు, 50 తీసుకో. అర అంగుళం గొట్టంలో 0.490 అంగుళాల గుండు, దాని చుట్టూ నూనె రాసిన నూలు గుడ్డ ముక్క. ఆ సీసం గుండు బరువు 177 గ్రెయిన్లు, అంటే మన పాత లెక్కలో ఇంచుమించు తులం. 54 క్యాలిబర్ గుండు తులంపావు తూగుతుంది, గట్టి దెబ్బే, కానీ మందూ సీసం ఎక్కువ తింటుంది. 45 కూడా చట్టప్రకారం చెల్లుతుంది, మొదటి తుపాకికి నేను వద్దంటాను. గుండ్రటి గుండుకి గాలి బాగా అడ్డుపడుతుంది. నూరు గజాలు దాటేసరికి బలంలో సగం పైగా పోతుంది. నేనైతే 60 గజాలు దాటితే ట్రిగ్గర్ మీద వేలే పెట్టను.

గొట్టం లోపల గుండుని తిప్పే గాడుల మెలిక మాత్రం తప్పకుండా చూడు. గుండు, గుడ్డ వాడేవాడికి నెమ్మదైన మెలిక కావాలి, 60 నుంచి 70 అంగుళాలకి ఒక చుట్టు. 28 అంగుళాలకి ఒక చుట్టు తిరిగేవి పొడవాటి తూటాల కోసం చేసినవి. 48 రెండిటికీ మధ్యస్తం, తక్కువ మందుతో గుండ్రటి గుండుని బాగానే కొడుతుంది.

పేర్లు చెప్పమన్నావు కదా. తక్కువలో కావాలంటే ట్రెడిషన్స్ వాళ్ల డీర్‌హంటర్. గొట్టం పొట్టి, తేలిక, మన ఇక్కడి లారెల్ పొదల్లో దూరడానికి సులువు. దాని లాక్ మీద మాత్రం ఇందాక చెప్పిన పరీక్ష చెయ్యి, ఒక్కో తుపాకి ఒక్కోలా ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో లైమన్ గ్రేట్ ప్లెయిన్స్ రైఫిల్ కనిపిస్తే వదలకు. 32 అంగుళాల గొట్టం, 60 అంగుళాల మెలిక, గుండ్రటి గుండు కోసమే పుట్టింది. ఎడమచేతివి కూడా చేసేవారు. కాస్త బరువు, కొండెక్కేటప్పుడు తెలుస్తుంది. ఇటలీ పెడెర్సోలీ వాళ్లవి పనితనం బావుంటుంది. డబ్బు పెట్టగలిగితే, చేత్తో పనిచేసే ఓపిక ఉంటే, ఒహాయోలో కిబ్లర్ వాళ్ల కిట్ తెప్పించుకో. వెయ్యి డాలర్ల పైమాటే. చెక్క దాదాపు పూర్తిగా చెక్కి పంపుతారు, బిగించి రంగు వేసుకోవడమే మన పని. లాక్ అద్భుతం. నా రెండో తుపాకి అదే. మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని మేపుల్ చెక్కకి నూనె పట్టించాను. రోజురోజుకీ లోపలి చారలు పైకి తేలుతుంటే మా పాప పక్కనే కూర్చుని "పులి చర్మంలా ఉంది నాన్నా" అనేది.

ఈ పొడవాటి తుపాకులు పుట్టింది కూడా ఇక్కడే, లాంకస్టర్ చుట్టుపక్కల. జర్మనీ నుంచి వచ్చిన కమ్మరులు తమ పొట్టి వేట తుపాకిని సాగదీసి, సన్నం చేసి, ఈ అడవులకి తగ్గట్టు మలిచారు. కెంటకీ రైఫిల్ అని పేరు పడింది గానీ పుట్టిల్లు పెన్సిల్వేనియా. నజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో వీటికో మ్యూజియం ఉంది. ఇటు వచ్చినప్పుడు తీసుకెళ్తాను.

మందు అసలైన బ్లాక్ పౌడరే కొను. పైరోడెక్స్ లాంటి బదులు మందులు అంటుకోవడానికి చాలా ఎక్కువ వేడి కావాలి, పళ్లెంలోని మంట వాటికి చాలదు. డబ్బా మీద ఎఫ్‌లు ఎన్ని ఎక్కువుంటే మందు అంత మెత్తన: గొట్టంలోకి మూడు ఎఫ్‌ల మందు, పళ్లెంలోకి నాలుగు ఎఫ్‌లది. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ పోయకు. లోపల నిప్పు కణం మిగిలి ఉంటే డబ్బా చేతిలోనే పేలుతుంది. కొలపాత్రలోకి పోసి, దాన్నుంచి గొట్టంలోకి. గుండు మందుని ఆనుకునేదాకా దించాలి, మధ్యలో ఖాళీ ఉంటే గొట్టమే చీలిపోవచ్చు. రామ్‌రాడ్ మీద ఒక గీత పెట్టుకో. పళ్లెం మండి లోపలిది అంటుకోకపోతే మూతి గురి వైపే ఉంచి నిమిషం ఆగు. ఆలస్యంగా పేలినవి నేను కళ్లారా చూశాను.

తడి గురించి ఒక్కటి చెప్పాలి. రెండో ఏడాది పెర్రీ కౌంటీలో, మంచూ చినుకూ కలిసి పడుతున్న పొద్దున. రెండు గంటలు హెమ్లాక్ చెట్టు మొదట్లో కూర్చున్నాను. ఒక ఆడ జింక వచ్చింది, నలభై గజాలుంటుంది. పక్కకి తిరిగి నిలబడింది. లాగాను. టక్ అంది, అంతే. పళ్లెం తెరిచి చూస్తే మందు నల్లటి కాటుక ముద్దలా ఉంది. జింక చెవులు నిక్కించి నా వైపు చూసి, తోక తెల్లగా ఎత్తి వెళ్లిపోయింది. అప్పట్నుంచి మైనం పట్టించిన తోలు తొడుగు లాక్ మీద కప్పుతాను. అరగంటకోసారి పాత మందు దులిపి కొత్తది పోస్తాను. ఇంటికొచ్చాక ఎంత అలసిపోయినా అదే రాత్రి గోరువెచ్చని సబ్బునీళ్లతో గొట్టం కడుగుతాను, లేకపోతే తెల్లారేసరికి తుప్పు.

"పాపం కాదా" అని చెల్లెమ్మ అడిగిందన్నావు. మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం జింకని కొట్టడం నేరం, అది అలాగే ఉండాలి కూడా. ఇక్కడ కథ వేరు. వందేళ్లకి పైగా కిందట అడ్డూ అదుపూ లేని వేటతో జింకలు దాదాపు మాయమైతే, 1895లో వేటని అదుపు చేసే గేమ్ కమిషన్ పెట్టి, లెక్కలు కట్టి, మళ్లీ పెంచారు. తోడేళ్లు లేని అడవిలో ఇప్పుడు అవి ఎక్కువైతే మొలకలన్నీ తినేస్తాయి. నేను కొట్టిన ప్రతిదీ మా ఇంట్లో వండుకున్నదే. ఆమెకి నచ్చకపోతే మాత్రం బలవంతపెట్టకు.

వచ్చే శనివారం గుడికి మీ పిట్స్‌బర్గ్ పక్కనున్న పెన్ హిల్స్ వస్తున్నాం. సాయంత్రం మీ ఇంటికొస్తాను, నా రెండు లాక్‌లూ విప్పి తెస్తాను, పాతదీ కొత్తదీ. గ్యారేజీలో దీపం ఆర్పి రెండూ లాగి చూపిస్తా. అప్పటిదాకా దేనికీ డబ్బు కట్టకు. నీ పాత కళ్లజోడు ఒకటి వెతికి ఉంచు.

నీ
మావ