దీన్ దయాళ్ ఫొటోలకు రంగులద్దే ముందు

సంపాదకులకు నమస్కారం.

పందొమ్మిదో శతాబ్దపు ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసిన హైదరాబాద్ నవాబుల ఫొటోలకు కంప్యూటర్‌లో రంగులద్ది పంచుకోవడం ఈమధ్య బాగా పెరిగింది. చూడ్డానికి బాగానే ఉంటాయి గానీ, వాటిని బట్టి అప్పటి మనుషుల ఛాయనో బట్టల రంగునో తేల్చడం తప్పు. ఆ రోజుల్లో ఫిల్ముకు బదులు మామూలుగా వాడిన గాజు ప్లేట్లు నీలి కాంతినే బాగా పట్టుకునేవి. ఎరుపు వాటి మీద దాదాపు పడేది కాదు. అందుకే ఎర్ర పట్టు షేర్వానీ నల్లగా, లేత నీలం తలపాగా తెల్లగా వస్తాయి. చామనఛాయ మొహం ఉన్నదానికన్నా నల్లగా కనిపిస్తుంది. అలాంటి బొమ్మ మీద వేసే రంగు ఊహే.

పాత ప్రింట్ల పసుపు కూడా ఆయన కోరుకున్నది కాదు. ఉప్పు కలిపిన కోడిగుడ్డు తెల్లసొన పూసిన పలుచని కాగితాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంపై తేల్చి, చీకట్లో ఆరబెట్టి, నెగటివ్‌కు ఆనించి ఎండలో పెట్టేవారు. బొమ్మను నిలిపే ‘హైపో’ మందులో కొంత వెలుస్తుంది కాబట్టి బొమ్మను కావలసినదానికన్నా ముదరనిచ్చేవారు. తర్వాత గోల్డ్ క్లోరైడ్‌లో ముంచితే ఊదా కలిసిన గోధుమ వన్నె వచ్చేది. చివరి కడుగుడు చాలక హైపో మిగిలితే వెండి మెల్లగా చెడి వెలిసిపోతుంది. తేమ తగిలితే తెల్లసొన పచ్చబడుతుంది.

అలాంటి ప్రింట్లు ఇంట్లో ఉన్నవారు లామినేషన్ జోలికి పోవద్దు, తడిగుడ్డతో తుడవద్దు, చుట్టి పెట్టొద్దు. తెల్లసొన పొర సన్నగా పగుళ్లిస్తుంది. ఫొటో అతికించిన అట్ట మాసిందని ఊడబీకడం అన్నిటికన్నా పెద్ద నష్టం. స్టూడియో పేరు ఉండేది దాని మీదే. ఆయనకు ‘రాజా’ బిరుదు 1894లో వచ్చింది కాబట్టి, ఆ బిరుదు అచ్చయిన అట్ట అంతకు ముందుది కాదు. పరదా స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ఆయన పెట్టిన జనానా స్టూడియోను ఒక ఆంగ్లేయ మహిళ నడిపారు. పాత ఇళ్లలోని ఆడవారి ఫొటోలను ఈ సంగతి గుర్తుంచుకుని చూడాలి.

గాజు నెగటివ్‌లు దొరికితే ఒకదానిపై ఒకటి పేర్చకండి, బరువుకు అడుగువి పగులుతాయి. ఒక్కోదాన్ని ఆమ్లం లేని కాగితంలో చుట్టి, పొడవాటి అంచు మీద నిలబెట్టాలి. మెరుపు లేని వైపు మందు పూత ఉంటుంది. అటు వేలు కూడా తగలనివ్వద్దు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే కళ్ల కింద, బుగ్గల మీద సన్నని పెన్సిల్ గీతలు కనిపించవచ్చు. ముడతలు తగ్గించడానికి రీటచింగ్ చేసే మనిషి గీసినవవి. మురికి అనుకుని తుడిస్తే ఆ పనితనం పోతుంది.

ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. మీ పత్రిక ఆయన ఫొటో వేసేటప్పుడు రంగులద్దినది వేయక తప్పకపోతే, పక్కనే అసలుదీ వేసి, రంగులు తర్వాత వేసినవని కింద ఒక్క వాక్యం రాయండి.

— పాత ఫొటోల సంరక్షణ తెలిసిన పాఠకుడు, సికింద్రాబాద్