టైరు లైటు వెలిగితే ఫ్యూజు పీకేయమంటారా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఔటర్ రింగ్ రోడ్డు మీద టైర్లు పేలి జరుగుతున్న ప్రమాదాల గురించి మీ పత్రికలో వచ్చిన కథనానికి ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదు. ఖరీదైన స్పోర్ట్స్ కార్లలో టైరు ప్రెషర్ లైటు ఊరికే వెలుగుతుంటుందని, గాలి సరిపడా ఉంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదని, చికాకు పెడితే ఫ్యూజు తీయించుకోవచ్చని అందులో రాశారు. వేలమంది చదివే పేజీలో ఇలాంటి సలహా అచ్చవడం చూస్తే ఒళ్లు మండుతోంది.

అది ఊరికే పెట్టిన లైటు కాదు. ఫైర్‌స్టోన్ టైర్లు విడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లు బోల్తాపడి ఎందరో చనిపోయాక, 2000లో అమెరికా చట్టం చేసి తెచ్చిన జాగ్రత్త అది. లైటు రెండు రకాలుగా వెలుగుతుంది. వెలిగి అలాగే నిలిచిపోతే ఏదో టైరులో గాలి తగ్గిందని అర్థం. నిమిషం, నిమిషంన్నర మిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలిగితే టైరు లోపల గాలిని కొలిచి సిగ్నల్ పంపే సెన్సరో, ఆ సిగ్నల్ అందుకునే కారులోని రిసీవరో పాడైందని. రెండో రకంలో గాలి సరిగ్గానే ఉండొచ్చు. కానీ రేపు దారిలో గాలి దిగిపోతే చెప్పేవాళ్లు ఉండరు. గాలి ఉంది కదా, లైటెందుకు అనడం అందుకే తప్పు.

స్పోర్ట్స్ కారుకు ఇది మరీ ముఖ్యం. ఫోర్డ్ మస్టాంగ్‌నే తీసుకోండి. 255/40 సైజు టైరుకు, అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం ఉన్న టైరుకు, ఆ ఎత్తు 102 మిల్లీమీటర్లే. 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాల్సిన గాలి 22కు దిగినా కంటికి తేడా కనిపించదు, కాలితో తన్ని చూసినా తెలియదు. ఔటర్ మీద వేగపరిమితిని 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. గాలి తగ్గిన టైరు ఆ వేగంలో పక్కగోడ దగ్గర నలిగి నలిగి వేడెక్కుతుంది, లోపలి దారాలు వదులవుతాయి, చివరికి పేలుతుంది. లైటు వెలగలేదని నిశ్చింతగా ఉండటమూ కుదరదు. అమెరికా నిబంధన ప్రకారం గాలి నాలుగో వంతు తగ్గాకే హెచ్చరిక తప్పనిసరి. అంటే 32 కాస్తా 24 అయ్యేదాకా లైటు ఊరుకోవచ్చు. మీటరు పెట్టి చూడటం మానకూడదు. అదీ కారు మూడు గంటలు కదలకుండా ఉన్నాక, డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీదున్న అంకె ప్రకారం. పది డిగ్రీల వేడి మారితే ఒకటిన్నర పీఎస్ఐ దాకా తేడా వస్తుంది. మధ్యాహ్నం ఎండలో చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి లైటు వెలగొచ్చు. నైట్రోజన్ కొట్టించినా ఇంతే.

లైటు మిణుకుమంటే చేయాల్సిన పని ఉంది. టైరు సెన్సర్ స్కానర్‌ను ఒక్కో వాల్వ్ దగ్గర పెడితే సెన్సర్ నంబరు, గాలి, వేడి, చాలావాటిలో బ్యాటరీ స్థితి కూడా చెబుతుంది. మూడు పలికి ఒకటి పలకకపోతే ఆ సెన్సర్ పోయినట్టే. నాలుగూ స్కానర్‌కు పలికి కారుకు మాత్రం అందకపోతే తప్పు రిసీవర్‌దో, ఫ్యూజుదో, కొత్త సెన్సర్ల నంబర్లు కారుకు నేర్పకపోవడమో. కొన్ని కార్లలో రిమోట్ తాళం సిగ్నల్ అందుకునే రిసీవరే సెన్సర్ సిగ్నల్‌నూ అందుకుంటుంది. తాళం కూడా బాగా దగ్గరికొస్తే తప్ప పనిచేయడం లేదంటే వెతకాల్సింది అక్కడే. సిగరెట్ సాకెట్‌లో పెట్టే చవక చార్జర్, డ్యాష్‌క్యామ్ కూడా సిగ్నల్‌ను చెడగొట్టొచ్చు. ముందు అవి పీకి చూడాలి. నాలుగు టైర్లు విప్పడం ఆ తర్వాతి మాట.

సెన్సర్ లోపల లిథియం బ్యాటరీ సీలు చేసి ఉంటుంది, మార్చడానికి వీలుండదు. ఐదు నుంచి పదేళ్లు వస్తుంది. మస్టాంగ్ మన దేశంలో 2016లో అమ్మకానికి వచ్చింది. ఇక్కడ కార్ల తయారీయే ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది. మొదట్లో వచ్చిన కార్ల సెన్సర్లు ఇప్పుడు వరసగా పోయే వయసులో ఉన్నాయి. ఒకటి పోతే నాలుగూ మార్చడమే తెలివి, లేకపోతే మళ్లీ మళ్లీ టైరు విప్పాలి. కొనేముందు పాత సెన్సర్ మీదున్న ఫ్రీక్వెన్సీ చూడండి. అమెరికా సెన్సర్లు ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్‌వి, యూరప్‌వి 433.92వి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే కారుకు వినపడదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని తెప్పించినవాళ్లు మోసపోయేది ఇక్కడే.

బిగించాక ఆ సెన్సర్ల నంబర్లు కారుకు నేర్పాలి. మస్టాంగ్‌లో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, పది సెకన్లలోపు హజార్డ్ లైట్లు మూడుసార్లు వేసి ఆపాలి. హారన్ ఒకసారి మోగుతుంది. అక్కడి నుంచి ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ. ఇదే వరస. ఒక్కో టైరు దగ్గర హారన్ మోగేదాకా కాస్త కాస్త గాలి వదలాలి. స్కానర్ ఉంటే వదలక్కర్లేదు. హారన్ రెండుసార్లు మోగితే కుదరలేదని, మళ్లీ మొదటి నుంచి. చివర్లో గాలి నింపడం మరిచిపోవద్దు. ఆ తర్వాత గంటకు 32 కిలోమీటర్లు దాటి కనీసం రెండు నిమిషాలు నడపాలి.

సెన్సర్లు వయసుతోనే కాదు, టైరు షాపులోనూ పోతాయి. టైరు అంచును (బీడింగ్) రిమ్ము నుంచి విడదీసే యంత్రం పార వాల్వ్ దగ్గర దింపితే లోపల సెన్సర్ పగులుతుంది. అల్యూమినియం వాల్వ్‌లో గాలిని ఆపే పిన్ను మామూలు ఇత్తడిది వేస్తే రెండు లోహాలూ తుప్పుతో అతుక్కుపోతాయి. నికెల్ పూత ఉన్న పిన్నే వేయాలి. మెరిసే మెటల్ మూతలూ ఇంతే. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మూత తిప్పబోతే వాల్వ్ మొత్తం విరిగి చేతికొస్తుంది. నల్ల ప్లాస్టిక్ మూత చాలు. టైరు మార్చినప్పుడల్లా వాల్వ్ రబ్బరు, నట్టు, పిన్ను, మూత కొత్తవి వేయాలి. నట్టును చాలా సెన్సర్లకు 4 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్యే బిగించాలి. గాలి గన్నుతో బిగించే చోట ఇదెవరికి పడుతుంది? వేలకు వేలు బిల్లు తీసుకుంటారు, బిగింపు కొలిచే టార్క్ రెంచి మాత్రం కొనరు.

ఇంతకన్నా ఘోరం ఇంకోటి. నాలుగు సెన్సర్లనూ పీవీసీ పైపులో పెట్టి, గాలి కొట్టి, మూత బిగించి డిక్కీలో పడేస్తారు. లైటు ఆరిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద నాలుగు టైర్లూ ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తాయి. ఆ కారు కొనుక్కున్న రెండో యజమానికి ఈ సంగతి ఎవరు చెబుతారు? ఇది నేరం కింద లెక్కకు రాకపోతే ఇంకేది వస్తుంది?

అధికారుల సంగతికొస్తే, ప్రెషర్ సెన్సర్లూ పంక్చర్ కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని కేంద్ర రవాణా శాఖ 2020లో నిబంధన సవరించింది. ఆ కిట్టులోని జిగురు టైరులోకి ఎక్కిస్తే సెన్సర్ గాలిని కొలిచే సన్నటి రంధ్రం పూడుకుపోవచ్చు. సెన్సర్‌కు హాని చేయని రకం జిగురు ఉన్నా, వాడాక టైరు విప్పి లోపల కడిగి తుడవాలి. స్టెప్నీ తీసేయడానికి సెన్సర్‌ను నమ్మిన ప్రభుత్వం ఆ సెన్సర్ పనిచేస్తోందో లేదో ఎప్పుడు చూస్తుంది? సొంత కారుకు పదిహేనేళ్లకు గానీ ఫిట్‌నెస్ పరీక్ష లేదు. సెన్సర్ బ్యాటరీ అంతకాలం బతకదు. లైఫ్ ట్యాక్స్ లక్షల్లో కట్టించుకునే రవాణా శాఖ టోల్ ప్లాజాల దగ్గర ఒక స్కానర్, ఒక మంచి మీటరు పెట్టి చూడలేదా? ఐటీఐ మోటార్ మెకానిక్ పిల్లలకు ఈ పని ఒక పూటలో నేర్పించవచ్చు.

పెట్రోల్ బంకుల్లో గాలి ఉచితంగా కొట్టాలన్న నియమం ఉంది. కొట్టే మీటరు నిజం చెబుతోందా అన్నది ఎవరికీ పట్టలేదు. ఒకే టైరుకు ఒక బంకులో 30, పక్క బంకులో 35 చూపిస్తే దేన్ని నమ్మాలి? పెట్రోల్ పంపుకు వేసినట్టే గాలి మీటరుకూ తూనికలు కొలతల శాఖ ముద్ర, తేదీ వేసి కనబడేలా అంటించాలి. తేదీ దాటిన మీటరున్న బంకుకు జరిమానా వేయాలి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్