హిచ్ ర్యాక్ కొనేముందు బరువు లెక్క

సంపాదకుల వారికి,

ఎలక్ట్రిక్ సైకిల్‌ని కారు వెనక పెట్టుకెళ్లడానికి హిచ్ ర్యాక్ (కారు వెనక కింద బిగించే హిచ్ అనే ఇనప అమరికకి తగిలించే సైకిల్ స్టాండు) కొనేవాళ్లు ముందుగా అడిగేది 'ఎన్ని సైకిళ్లు పడతాయి' అని. అడగాల్సింది ఒక్కో సైకిల్‌కి ఎన్ని కిలోలు ఆగుతుందని. మామూలు సైకిల్ 12, 15 కిలోలుంటే ఎలక్ట్రిక్‌ది 20 నుంచి 35 దాకా తూగుతుంది. 'నాలుగింటి ర్యాక్ కదా, రెండే పెడతాం' అన్న లెక్క చెల్లదు. సైకిల్ చక్రాలు నిలిచే ఒక్కో ట్రే, సైకిల్‌ని పట్టి ఉంచే దాని క్లాంపు విడివిడిగా ఇంత బరువుకని చేసినవి.

ఇక హిచ్. దాని మీద అతికించిన చీటీలో టంగ్ వెయిట్ అని రాసి ఉంటుంది, అంటే కిందికి మోపగల బరువు. 1.25 అంగుళాల రిసీవర్ (ర్యాక్ కడ్డీ దూర్చే చదరపు గొట్టం) ఉన్న క్లాస్ 1, అంటే అన్నిటికన్నా తేలిక తరగతి, హిచ్‌కి అది సుమారు 90 కిలోలు. 30 కిలోల సైకిళ్లు రెండు, ర్యాక్ సొంత బరువు 27, మొత్తం 87. కాగితం మీద సరిపోయింది. కానీ ఆ బరువంతా హిచ్‌కి బాగా వెనగ్గా వేలాడుతుంది, గతుకులో పడ్డప్పుడు రిసీవర్‌ని మెలిపెడుతుంది. అందుకే కొంత వెసులుబాటు ఉండాలి. చాలామంది ర్యాక్ బరువు కలపడమే మరిచిపోతారు. చిన్న రిసీవర్‌కి అడాప్టర్ పెట్టి పెద్ద ర్యాక్ తగిలిస్తే హద్దు పెరగదు సరికదా, బరువు ఇంకా బయటికి జరిగి ఆ హద్దే తగ్గుతుంది. కారు మాన్యువల్, హిచ్, ర్యాక్: మూడింట్లో ఏది తక్కువ చెబితే అదే లెక్క.

ఫ్రేము పట్టుకుని వేలాడదీసే రకం వీటికి పనికిరాదు. చక్రాలు ట్రేలో నిలబడే రకమే తీసుకోండి, అదీ టైరుని నొక్కిపట్టే కొక్కెం ఉన్నది. బ్యాటరీ ఇమిడిన లావు ఫ్రేముకి క్లాంపు సరిగా పట్టదు, అడ్డగొట్టం లేని సైకిళ్లకి పట్టే చోటే ఉండదు. మడ్‌గార్డు ఉంటే కొక్కెం దాని మీద పడుతుందేమో కొనేముందే పెట్టి చూడాలి. 4 అంగుళాల టైర్లకు ట్రే వెడల్పు కూడా.

సైకిల్‌ని ర్యాక్ మీదికి తోసి ఎక్కించే వాలు పలక, అంటే ర్యాంప్, తప్పనిసరి అనే అంటాను. ఇక్కడో చిన్న మెలిక: బ్యాటరీ తీస్తే 3, 4 కిలోలు తగ్గుతాయి, కానీ నడక మోడ్‌తో (మనం పక్కన నడుస్తుంటే మోటారే సైకిల్‌ని మెల్లగా కదిలించేది) ర్యాంప్ ఎక్కించాలంటే అది ఉండాలి. కాబట్టి చేత్తో ఎత్తేవాళ్లు ముందే తీయాలి, ర్యాంప్ వాడేవాళ్లు ఎక్కించాక. తీసిన చోట కనెక్టర్‌కి నీళ్లు తగలకుండా మూత పెడితే చాలు. సైకిల్‌కంతా పట్టా కప్పితే అది తెరచాపలా గాలి పట్టి ర్యాక్‌ని ఊపేస్తుంది.

బరువైన సైకిల్ కారు వైపు ఉండాలి. సైలెన్సర్ ఎదురుగా టైరు వస్తే వేడికి పాడవుతుంది, చోటు మార్చండి. వెనక లైట్లు, నంబర్ ప్లేటు కనబడుతున్నాయో లేదో చూసుకోవాలి. బయల్దేరిన కొన్ని కిలోమీటర్లకే ఓసారి ఆపి, రిసీవర్‌లో ర్యాక్ ఊగకుండా పట్టే బోల్టునీ స్ట్రాపుల్నీ మళ్లీ బిగించండి. వదులయ్యేది సాధారణంగా అప్పుడే.

ఇట్లు,
ఒక పాఠకుడు